డేటాకి రెండుసార్లు డబ్బులా?

యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి తమ నెట్‌వర్కుల మీద బాగా సంపాదిస్తున్నాయి కాబట్టి ఖర్చులో వాటా ఇవ్వాలని టెలికం కంపెనీల సంఘం సీఓఏఐ కొన్నేళ్లుగా అడుగుతూనే ఉంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ వీడియో దానంతటది వచ్చి మన ఫోన్లో పడదు కదా, మనం నొక్కితేనే వస్తుంది, అందుకే రీఛార్జి చేయిస్తున్నాం, 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ వరసపెట్టి రేట్లు పెంచితే కిక్కురుమనకుండా కట్టాం కూడా.

అసలు నెట్‌వర్కుల మధ్య లెక్క జీబీల్లో నడవదు. పెద్ద నెట్‌వర్క్ నుంచి ట్రాన్సిట్, అంటే మిగతా ఇంటర్నెట్‌కి దారి, కొనే కంపెనీకి సాధారణంగా ఐదు నిమిషాలకోసారి ఎంత వేగంతో ట్రాఫిక్ పోతోందో కొలుస్తారు, 30 రోజుల నెలలో 8,640 కొలతలు వస్తాయి, వాటిలో అన్నిటికంటే ఎక్కువున్న 5 శాతం, అంటే 36 గంటలు, తీసేసి మిగిలినదాంట్లో గరిష్ఠానికి బిల్లు వేస్తారు. కాబట్టి అర్ధరాత్రి మనం ఎంత డౌన్‌లోడ్ చేసినా టెలికం కంపెనీలకి దాదాపు ఏమీ పడదు, ఖర్చంతా రాత్రి తొమ్మిది గంటల రద్దీదే. ఆ రద్దీ తగ్గించడానికే నెట్‌ఫ్లిక్స్ లాంటి కంపెనీలు క్యాష్ సర్వర్లను, అంటే ఎక్కువమంది చూసే వీడియోల కాపీలు దాచిపెట్టే యంత్రాలను, ఊరికే ఇచ్చి టెలికం కంపెనీల దగ్గరే పెడుతున్నాయి. ఇక సమానస్థాయి నెట్‌వర్కులైతే ఒకరి ట్రాఫిక్ ఒకరు పైసా తీసుకోకుండా మోసుకుంటాయి, చాలాచోట్ల దానికి కాగితం కూడా రాసుకోరు.

దీన్ని కెలికితే ఏమవుతుందో దక్షిణ కొరియాని చూస్తే తెలుస్తుంది. 2016లో అక్కడ ట్రాఫిక్ పంపే నెట్‌వర్కే అందుకునేదానికి డబ్బు కట్టాలని రూలు పెట్టారు. ఫేస్‌బుక్ క్యాష్ సర్వర్ ఉన్నది అక్కడి టెలికం కంపెనీ కేటీ దగ్గర, దాంతో మిగతా రెండు టెలికం కంపెనీలకి కేటీయే కట్టాల్సొచ్చింది. దగ్గరలో సర్వర్ పెట్టించుకున్నందుకు జరిమానా అన్నమాట! కేటీ ఆ భారం ఫేస్‌బుక్ మీదకి తోస్తే, ఫేస్‌బుక్ ఆ రెండు కంపెనీల ట్రాఫిక్‌ని విదేశాల మీదుగా తిప్పింది. నెట్ నత్తనడక నడిచింది, నష్టపోయింది జనం. ప్రభుత్వం ఫేస్‌బుక్‌కి వేసిన ఫైను కోర్టులో నిలవలేదు. 2024 ఫిబ్రవరిలో లైవ్ వీడియోల సైటు ట్విచ్ ఆ దేశంలో దుకాణమే కట్టేసింది, నెట్‌వర్క్ ఫీజులు మిగతా చాలా దేశాలకంటే పది రెట్లు ఎక్కువని చెప్పి మరీ.

గూగుల్, మెటా మీద మాకు జాలేమీ లేదు, వాళ్లు కట్టగలరు. ఆహా లాంటి చిన్న ఓటీటీలు, రేపు హైదరాబాద్‌లో ఎవరో మొదలుపెట్టబోయే వీడియో యాప్ ఎక్కణ్నుంచి తెస్తాయి? కట్టినా ఆ డబ్బు చందాలోనో ప్రకటనల్లోనో తిరిగి మన నెత్తినే రుద్దుతారు.

ఖర్చు నిజంగానే మోయలేనంత ఉంటే చూపించమనండి. ఏ లింకు రాత్రిపూట ఎంత నిండుతోంది, ఎంత ట్రాఫిక్ క్యాష్ నుంచి వస్తోంది, ట్రాన్సిట్‌కి ఎంత పోస్తున్నారు, ఈ మూడు లెక్కలూ టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ముందు బయటపెట్టించాలి. అవి రానంతవరకు వాటా ఫైలు ముట్టుకోనే కూడదు.