నిలబెట్టి బీపీ చూడండి డాక్టరుగారూ

బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయిన అయిదో నెల. పొద్దున్నే మంచం దిగి నాలుగడుగులు వేశానో లేదో కళ్లు బైర్లు కమ్మాయి. బాత్రూమ్ తలుపు పట్టుకోబోయి పడిపోయాను. నుదుటి మీద మూడు కుట్లు. "కడుపు మాడ్చుకుంటే నీరసం రాదా మరి" అని ఇంట్లో అందరూ. "ఆపరేషన్ వద్దే అని మొత్తుకున్నాను" అని అమ్మ ఏడుపు.

అంతకు రెండు వారాల ముందే చెకప్‌లో చెప్పాను, లేస్తే కళ్లు తిరుగుతున్నాయని. కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూశారు. పై అంకె 112. "బాగుందమ్మా, నీళ్లు తాగండి" అని పంపేశారు.

కుట్లు వేసిన మా వీధి డాక్టరుగారు మాత్రం అయిదు నిమిషాలు పడుకోబెట్టి చూశారు: 114. లేచి నిలబడమని మూడు నిమిషాల్లోపు మళ్లీ చూశారు: 86. నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారట. పది నిమిషాలు పట్టని ఈ పరీక్షకి నా నుదురు పగలాలా?

తర్వాత ఆయన నా మందుల సంచీ తెమ్మన్నారు. అందులో 118 కిలోలున్నప్పుడు రాసిన బీపీ మాత్రే ఉంది, ఒంట్లో నీరు లాగేసే మందు కలిసినది. ఇప్పుడు నేను 87. బరువు తగ్గితే బీపీ తగ్గుతుందని చెప్పే కదా నన్ను ఆపరేషన్‌కి ఒప్పించారు! మరి మాత్ర తగ్గించాలని ఎవరికీ ఎందుకు తోచలేదు? సర్జన్‌గారు బరువు చూస్తారు, డైటీషియన్ ప్రొటీన్ లెక్క అడుగుతారు. మాత్ర ఎవరి పనీ కాకుండా పోయింది.

పైగా ఎండాకాలం. కడుపులో ముప్పాతిక భాగం తీసేశాక నీళ్లు గటగటా తాగలేం, గుక్కగుక్కగా తాగాలి, అదీ భోజనానికి ముందూ వెనకా ఆగి. సీసా చంకలో పెట్టుకు తిరిగినా లీటరున్నర పూర్తవదు. మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగుతుంది, గుండే రక్తనాళాలూ వెంటనే దాన్ని సర్దుకోవాలి. అసలే నీరు తక్కువైన ఒంట్లోంచి మాత్ర ఇంకాస్త లాగేస్తుంటే ఎలా సర్దుకుంటాయి?

మందు మార్చిన పది రోజులకి గోడ పట్టుకోకుండా లేచాను. మీరు మాత్రం సొంతంగా మాత్ర ఆపకండి, డాక్టరుకి చెప్పి మార్పించుకోండి. వాంతులు ఆగకపోతే అసలు ఆలస్యం చేయొద్దు, బీ1 విటమిన్ తగ్గిపోతే నరాలకే ముప్పు. బీ12, ఐరన్ కూడా చూపించుకోండి.

ఆపరేషన్ మీద నాకేం కోపం లేదు, నా మోకాళ్లు నాకు తిరిగొచ్చాయి. డిశ్చార్జి కాగితంలో బీపీ, షుగర్ మాత్రలు మళ్లీ ఏ తేదీన చూస్తారో రాయండి. నిలబడ్డప్పటి బీపీకి పక్కన ఇంకో గడి పెట్టండి.