కారు కింది ఇటుకపెళ్ల దొరవారికి విన్నపం

ఇటుకపెళ్ల దొరవారికి,

హనుమకొండ, వరంగల్, కాజీపేటల కార్ల కింద పండి పానా తిప్పేటోళ్లందరి తరఫున శనార్తులు.

జాకీ పెట్టి లేపిన కారు పడకుంట మోసేటందుకు జనం మిమ్మల్ని దాని కింద నిలబెడుతున్నరు; ఆ కొలువు మానుకోమనేదే మా విన్నపం. మీ వంశం గొప్పది, కాదంటలేం. పాలంపేట రామప్ప గుడి శిఖరం మీ దాయాదులతోటే కట్టిన్రు. 1213 నాటి గుడి, నీళ్లల్ల వేస్తే తేలే ఇటుకలు, 2021ల యునెస్కో గుర్తింపు కూడ వచ్చింది. కాని ఆ శిఖరం బరువును పంచుకునేటందుకు పునాదిల ఇసుక నింపిన్రు, పక్కల వేల మంది చుట్టాలు ఉన్నరు. మీరేమో స్విఫ్ట్ కారు కింద ఒంటరిగ, అది కూడ నిలువుగ నిలబడి, రామప్ప పేరు చెప్పుకుంటరు.

మీ అభిమానులు లెక్క కూడ చెప్తరు. 19 సెంటీమీటర్ల పొడుగు, 9 వెడల్పు. చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్లు తట్టుకునే సాదా ఇటుకైనా దగ్గర దగ్గర 6 టన్నులు మోస్తది, చిన్న కారు మొత్తం బరువే టన్ను లోపల, ఇంక భయమేంది అంటరు. లెక్క తప్పు కాదు. అయితే ఆ పరీక్షల మిమ్మల్ని పెండ్లికొడుకు లెక్క చూసుకుంటరు: నెత్తి మీది గుంటను మాల్ తోటి నింపి, కిందొకటి మీదొకటి 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టి, ముఖమంతా సమానంగ ఒత్తుతరు. కారు కింద అట్ల ఉంటదా? తలుపుల కింద పొడుగునా ఉండే రేకు అంచు మందం కొన్ని మిల్లీమీటర్లే. ఆ అంచు గొడ్డలి లెక్క ఒక్క గీత మీద కూసుంటది. ఒత్తుడుకు మీరు గట్టే, చీల్చుడుకు మాత్రం పచ్చి. ఇనుము వంగుతది, వంగుడు కంటికి కనబడ్తది. మీరు మాటా పలుకూ లేకుంట రెండు ముక్కలైతరు. బోలు సిమెంటు బ్రిక్కు మీకన్న అధ్వాన్నం.

అయినా తప్పంతా మీదే కాదు, మీ మీద నమ్మకం పెట్టుకున్నోళ్లది గూడ. కారుతోటి వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకునేటందుకే తప్ప కిందికి దూరేటందుకు కాదు. ట్రాలీ జాకీల (చక్రాల మీద దొర్లే నూనె జాకీల) అయితే నూనె వాషర్లు అరిగినయంటే లేపిన కారు మెల్లగ దిగుతనే ఉంటది. లేపుడు జాకీ పని, మోసుడు స్టాండ్ల (కారు కింద పెట్టే కాళ్ల ఇనుప పీటల) పని. ఈ ముక్క ఒంటబడితే మీ కొలువు ఊడుతది.

కారు ఉరుకకుంట ఆపే ముచ్చట ఇంకొకటున్నది. "గేరుల పెట్టిన, ఏం కాదు" అంటరు. ముందు చక్రాలు నడిపే కారుల ముందు చక్రం ఒక్కటి లేస్తే డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేరువేరుగ తిరగనిచ్చే పళ్ల చక్రాల పెట్టె) వల్ల గాలిల ఉన్న చక్రం ఒక దిక్కు తిరుగుతది, నేల మీదున్నది ఇంకో దిక్కు కదులుతది; గేరు ఏం ఆపది. అప్పుడు దిక్కు హ్యాండ్ బ్రేకే. అది చాన కార్లల వెనక చక్రాలనే పట్టుకుంటది. వెనక రెండూ లేపితే అదీ సున్నా. అందుకే గేరు, హ్యాండ్ బ్రేకు రెండూ వేసి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా ఏటవాలు చెక్కలు కొట్టాలె. లేపే మూలకు ఎదురు మూల చక్రం అన్నిటికన్న ముఖ్యం.

చక్రం నట్లు కారు నేల మీద ఉండంగనే పావు చుట్టు వదులు చేయాలె. లేపినంక పానా మీద ఎక్కి తొక్కితే కారు జాకీ మీదికెళ్లి జారుతది. ట్రాలీ జాకీ లేస్తాంటే దాని తల నిటారుగ కాదు, విల్లు వంపుల లేస్తది, కాబట్టి జాకీ కొంచెం ముందుకో వెనకకో దొర్లాలె. దాని చక్రం గచ్చు సందుల ఇరుక్కుంటే జాకీ కదలది, కారునే గుంజుతది.

స్టాండు పెట్టే జాగ ముందు చక్రం వెనకాల, వెనక చక్రం ముందట, అంచు మీద గుర్తులుంటయి. నడుమ గాడి ఉన్న రబ్బరు ముక్క పెడితే అంచు మలగది. నూనె చాంబరు కింద, నేల రేకు కింద పెడితే రేకు లోపలికి పోతది. రెండు స్టాండ్లూ ఒక్క ఎత్తుల పెట్టి, స్టాండును ఆ ఎత్తుల పట్టి ఉంచే పన్ను పూర్తిగ కూసున్నదా అని కంటితోటి చూసి, పిన్ను ఉంటే వేసి, జాకీ వాల్వు మెల్లమెల్లగ తిప్పి బరువు దించాలె. తర్వాత కారును పక్కకెళ్లి గట్టిగ ఊపాలె. పడేదుంటే అప్పుడే, మనిషి బయట ఉండంగనే పడాలె. జాకీని తీసెయ్యకుంట ఆనీ ఆననట్టు ఉంచి, విప్పిన టైరును అంచు కిందికి దొబ్బితే ఇంకో కాపలా.

నేల సంగతి కూడ మీకు పట్టది. నర్సంపేట దిక్కు నల్లరేగడి వాన పడ్డంక స్టాండు కాళ్లను మింగుతది. మే నెల ఎండకు మెత్తబడ్డ తారుల కూడ కాళ్లు దిగుతయి. కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క వేస్తే బరువు పంచుకుంటది (రామప్ప ఇసుక చేసిన పని కొంత ఇది చేస్తది). నున్నటి కరీంనగర్ గ్రానైట్ ముక్క మాత్రం వద్దు, ఇనుము దాని మీద జారుతది.

ఇనుము స్టాండ్లకూ మచ్చ ఉన్నదని మీరు గుర్తు చేస్తరు, ఒప్పుకుంటం. 2020ల అమెరికాల పన్ను సరిగ పట్టక జారుతున్నయని లక్షల స్టాండ్లను వెనక్కి పిలిపించిన్రు. పిన్ను అందుకే వేయమంటున్నం. కాని వాటి మీద ఎన్ని టన్నులో రాసి ఉంటది (ఆ అంకె ఒక్కదానికో జతకో చదువుకోవాలె), పిలిపించే దుకాణం కూడ ఒకటుంటది. మీ నెత్తి గుంటల ఉన్నది భట్టీ సేటు పేరులోని రెండక్షరాలు. మిమ్మల్ని ఎవరు వెనక్కి పిలవాలె?

కొలువు పోతదని బుగులు వద్దు. చెక్క దొరకనప్పుడు టైరుకు అడ్డం ఉండుండ్రి, అది కూడ నిలువుగ కాదు, వెడల్పుగ.

ఇట్లు,
మీ కింద పండనోళ్లు

తా.క.: టైరు మార్చినంక మిమ్మల్ని ములుగు రోడ్డు మీదనే వదిలిపెట్టి పోతరు. రాత్రి బైకోళ్లకు మీరు కనబడరు. కారాయన మతిమరుపోడు, మీరైనా జర పక్కకు దొర్లుండ్రి.