బడికి వెళ్లకపోయినా పది పాసవుతారన్న మెసేజ్‌కి ఒక లెక్కల మాస్టారి జవాబు

మా శ్రీకాకుళం జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఒక్క వారంలో నాకే నలుగురు పంపారు. వాళ్లలో ఇద్దరు మా బడి పిల్లల తండ్రులు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "పదో తరగతిలో ఎవర్నీ ఫెయిల్ చెయ్యకూడదని చట్టం ఉంది. ఇంటర్నల్ మార్కులు 20 ఎలాగూ బడివాళ్లే వేస్తారు. 75 శాతం హాజరు అనేది తల్లి ఖాతాలో డబ్బు పడటానికి పెట్టిన రూలు. అయినా హాజరు కాగితాల మీదే కదా. జనవరి నుంచి మూడు నెలలు మంచి ట్యూషన్ పెట్టించండి, చాలు."

నేను టెక్కలి వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ మెసేజ్ చదివి ఊరుకోలేకపోయాను. దీన్ని నమ్మి నష్టపోయేది ఉద్యోగస్తుల పిల్లలు కాదు. కోతలకీ ఉభాలకీ, అంటే నాట్లకీ, పొలం వెళ్లే పిల్లలు, అమ్మానాన్నలు వలసపోతే మామ్మ దగ్గర ఉండిపోయిన పిల్లలు.

ముందు చట్టం సంగతి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకే వర్తిస్తుంది. పిల్లల్ని అదే తరగతిలో ఆపకూడదని అందులో ఉన్న మాట నిజం. దాన్ని కూడా 2019లో సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి, మళ్లీ అవకాశం ఇచ్చినా నెగ్గకపోతే ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. పదో తరగతికి ఆ చట్టంతో ఏ సంబంధమూ లేదు. పదిలో ప్రతి సబ్జెక్టులో 35 రావాలి, హిందీకి మాత్రం 20 చాలు. ఒక్క సబ్జెక్టు పోయినా సప్లిమెంటరీ రాయాల్సిందే. 2022లో మన రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 67.26 శాతం. అంటే ఆ ఒక్క ఏడాదే రెండు లక్షల మందికి పైగా పిల్లలు తప్పారు. ఎవర్నీ ఫెయిల్ చెయ్యరని రాసినవారు ఆ రెండు లక్షల ఇళ్లలో ఒక్క ఇంటికైనా వెళ్లి ఈ మాట చెప్పగలరా?

ఇంటర్నల్ మార్కుల మాట పాతది. 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 బడిలో వేసే మార్కులకు అన్న పద్ధతి కొన్నేళ్లు నడిచింది. చాలాచోట్ల ఆ 20కి 20 వేసేస్తున్నారన్న విమర్శ రావడంతో 2019లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు వందకు వందా పబ్లిక్ పరీక్షలోనే తెచ్చుకోవాలి. గ్రేడ్లు కూడా పోయాయి. గ్రేడ్లు ఉన్న రోజుల్లో 92 వచ్చినా 99 వచ్చినా పది పాయింట్లే. 2022 నుంచి మళ్లీ మార్కులే ఇస్తున్నారు. బడిలో పెట్టే ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల మార్కులు పదో తరగతి మార్కుల్లో కలవవు. అంతమాత్రాన వాటిని తీసిపారెయ్యొద్దు. పిల్లాడు ఏ పాఠం దగ్గర జారాడో మార్చికి ముందే చూపించేవి అవే. సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. మన ఎచ్చెర్లలో ఉన్న ట్రిపుల్ ఐటీలో సీటు ఇచ్చేది పదో తరగతి మార్కులు చూసే. ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా నాలుగు శాతం కలుపుతారు కూడా. మన ఊరి పిల్లలకు ఇంత దగ్గరగా ఉన్న తలుపు మరొకటి లేదు.

75 శాతం హాజరు డబ్బు కోసం పెట్టిన రూలు అన్నది తిరగేసిన మాట. నేను పది చదివిన రోజుల్లోనే ఆ రూలు ఉంది, అప్పటికి తల్లి ఖాతాలో డబ్బు వేసే అమ్మ ఒడి పథకం లేదు. 2020లో అమ్మ ఒడి వచ్చాక, ముందునుంచీ పరీక్షలకు ఉన్న ఆ 75నే పథకానికీ షరతుగా తీసుకున్నారు. డబ్బు పడినా పడకపోయినా పరీక్షకు ఆ రూలు రూలే.

ఇక హాజరు కాగితాల మీదే అన్న మాట. ఇందులో కొంత నిజం ఉంది, దాచను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పనిచేసిన ఒక బడిలో, ఫిబ్రవరి వచ్చేసరికి రిజిస్టర్లో ఖాళీలు నింపమని చెప్పేవారు. నేనూ నింపాను. పిల్లాడి పరీక్ష ఆగిపోకూడదని నింపాం, కానీ అది తప్పే. ఇప్పుడు పొద్దున్నే ఫోన్లో యాప్‌లో హాజరు పంపాలి. ఏ రోజుది ఆ రోజే పైకి వెళ్లిపోతుంది కాబట్టి మునుపటిలా చివర్లో కూర్చుని నింపడం కుదరదు.

సరే, ఎక్కడో ఎవరో ఇంకా నింపుతున్నారనే అనుకుందాం. రిజిస్టర్లో 'పి' పడినంత మాత్రాన పిల్లాడి బుర్రలోకి పాఠం వచ్చిందా?

కిందటేడు కోతల రోజుల్లో మా పదో తరగతి అబ్బాయి ఒకడు 11 రోజులు రాలేదు. తెలివైనవాడు. ఆ 11 రోజుల్లోనే సరూప త్రిభుజాల పాఠం పూర్తయింది. వాడు తిరిగొచ్చేసరికి నేను త్రికోణమితి మొదలుపెట్టాను. స్నేహితుడి నోట్సు చూసి అంతా రాసుకున్నాడు. సైన్ అంటే ఏమిట్రా అంటే, ఎదుటి భుజం బై కర్ణం అని తడుముకోకుండా చెప్పాడు. బోర్డు మీద ఒక లంబకోణ త్రిభుజం గీసి, పక్కనే అవే కోణాలతో దానికి రెండింతల పెద్దది గీశాను. "ఇప్పుడు సైన్ విలువ ఏమవుతుంది?" అన్నాను. "రెండింతలవుతుంది మాస్టారూ" అన్నాడు.

వాడి తప్పేం లేదు. రెండు త్రిభుజాల్లో భుజాల నిష్పత్తి మారదన్న సంగతి వాడు రాని రోజుల్లో చెప్పింది. దాని మీదే త్రికోణమితి అంతా నిలబడి ఉంది. సూత్రం నోట్సులో దొరికింది గానీ దాని కింద ఉన్న పాఠం దొరకలేదు. ఆ పాఠాన్ని మళ్లీ మొదట్నుంచి చెప్పడానికి ఇద్దరికీ నాలుగు సాయంత్రాలు పట్టింది. ఒక్కడు కాబట్టి చెప్పగలిగాను. అలాంటి వాళ్లు క్లాసులో పన్నెండుమంది ఉంటే?

అందుకే 75ని చూసి ధైర్యపడొద్దంటాను. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 75 శాతం అంటే 165 రోజులు. 55 రోజులు రాకపోయినా రూలు ఒప్పుకుంటుంది. 55 రోజులంటే రెండు నెలలకు పైగా బడి. రూలు ప్రకారం హాజరు సరిపోయినా, అన్ని పాఠాలు పోయిన పిల్లాడు పరీక్ష హాల్లో ఏం రాస్తాడు?

మూడు నెలల ట్యూషన్ చాలు అన్న చివరి మాటకు జవాబు ఆ 2022 ఫలితమే చెబుతుంది. ఆ పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కరోనా. ఆ ఏడాది నెలల తరబడి బడి లేదు. పదిలో చేరిన ఏడాది బడులు ఆగస్టు 16న గానీ తెరవలేదు. మేము సెలవుల్లోనూ పిలిచి చెప్పాం, స్లిప్ టెస్టులు పెట్టాం, ట్యూషన్లకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. అయినా ఫలితం అలా వచ్చింది. పేపర్ల సంఖ్య 11 నుంచి ఏడుకు మారడం కూడా కొంత కారణమే. కానీ ఆ జవాబు పత్రాలు దిద్దిన మాకు కనిపించింది ఎనిమిది, తొమ్మిది తరగతుల లెక్కలే రాని పిల్లల చేతిరాత.

దీనికి ఎదురుగా మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. పార్వతీపురం మన్యం జిల్లా 2022లో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి విడిపోయి ఏర్పడింది. 2023, 2024, 2025 మూడేళ్లూ పదో తరగతి ఉత్తీర్ణతలో రాష్ట్రంలో మొదటి స్థానం దానిదే. అక్కడి తల్లిదండ్రుల్లో చాలామంది కొండ మీద పోడు చేసుకునేవాళ్లు. ట్యూషన్లు పెట్టించే స్తోమత వాళ్లలో ఎందరికి ఉంటుంది? అక్కడ ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు ఎక్కువ. పిల్లలు పొద్దున లేచేది బడి ఆవరణలోనే. అసలు కారణం అదేనని నేను నమ్ముతున్నాను.

బడికి రాలేని పిల్లల బాధ నాకు తెలియంది కాదు. పోయిన నెల ఒక అమ్మాయి ఎందుకు రావట్లేదో కనుక్కుందామని ఇంటికి వెళ్తే, వాళ్ల మామ్మ గుమ్మంలోనే చెప్పింది: "సిన్నోడిని సూసుకోడానికి ఇంటికాడ ఎవులూ నేరు బాబూ." అమ్మానాన్న చెన్నైలో కట్టుబడి పనికి వెళ్లారు. ఆమెతో నేను 75 శాతం గురించి ఏం మాట్లాడను? తమ్ముణ్ణి అంగన్‌వాడీకి పంపే ఏర్పాటు చేస్తే అమ్మాయి మళ్లీ రావడం మొదలుపెట్టింది. అన్ని ఇళ్లలో అలా కుదరదు. కుదిరిన చోటైనా ఎవరో ఒకరు వెళ్లి అడగాలి కదా.

మీ ఇంట్లో అలాంటి ఇబ్బంది ఉంటే ఫిబ్రవరి దాకా ఆగకండి. ఈ వారమే బడికి వచ్చి, మా పిల్లకు ఇప్పటిదాకా ఎన్ని రోజులు పడ్డాయో చూపించండి అని అడగండి. చూపించాల్సిన బాధ్యత మాది. జబ్బు చేసి మానేస్తే ఆస్పత్రి కాగితాలు దాచి, హెడ్మాస్టర్‌కి అప్పుడే ఇవ్వండి. నిజంగానే ఇక రాలేని పరిస్థితి వస్తే ఏపీ ఓపెన్ స్కూల్ ఉంది, 14 ఏళ్లు నిండిన పిల్లలు అక్కడ పది కట్టొచ్చు. ఫీజు, పుస్తకాలు, చదువుకునే సెంటరు వివరాలు మండల విద్యాశాఖ ఆఫీసులో చెబుతారు. ఒక్కరే వెళ్లడానికి టెన్షన్‌గా ఉంటే సాయంత్రం నాలుగున్నర తర్వాత మా బడికి రండి, నేనే తీసుకెళ్తాను.