తోడి వాయిస్తే తప్పు, కీబోర్డు అయితే సంప్రదాయమా?

త్యాగరాజ ఆరాధనలో సినిమా పాట వాయించమని అడిగిన మనిషికి సంప్రదాయం గురించి మాట్లాడే హక్కు యాడిది? నిన్న సాయంత్రం మన కడపలోనే జరిగింది. మా నాయన స్టీల్ గిటార్ తొడల మీద పెట్టుకొని తోడి రాగం ఆలాపన (కీర్తనకు ముందు మాటల్లేకుండా రాగం విప్పేది) ఎత్తుకున్నాడు. గాంధారం, అంటే 'గ' స్వరం మీద రవ్వంతసేపు నిలబడినాడో లేదో, కమిటీ పెద్దాయన ఒకాయన వేదిక మీదికొచ్చి, మైకు ఆన్‌లో ఉండంగానే, "సార్, ఆలాపన వొద్దు. హవాయన్ గిటార్ కదా, జనానికి తెలిసిన పాత సినిమా పాట ఏదన్నా వాయించండి" అన్నాడు. ముందు వరసలో నవ్వినారు. మా నాయన ఏమీ అనలేదు. కీర్తన పల్లవీ అనుపల్లవీ వాయించి, చరణం ఎత్తుకోకుండానే దండం పెట్టి దిగొచ్చేసినాడు. ఆయన అనలేదు కాబట్టి నేను అంటాండా.

కింద నేను పోయి అడిగితే ఆ కమిటీ పెద్దాయన చెప్పిన జవాబు వినండి. "మీ నాయన బాగా వాయిస్తాడమ్మా, కాదనలేదు. కానీ అది మన వాద్యం కాదు కదా తల్లీ, మన సంప్రదాయం ఒకటి ఉంటుంది." ఆ మాట ఆయన నోట్లో ఉండంగానే వెనక వేదిక మీద కీబోర్డుకు ప్లగ్గు పెడతాండారు. తర్వాత పిల్లల అన్నమయ్య కీర్తనలు, కీబోర్డుతో, ప్యాడ్‌లతో. వాళ్ళకు ముక్కాలు గంట. మా నాయనకు పది నిమిషాలు, అందులో సగం మైకు సరిచేసేదానికే పోయింది.

కీబోర్డు మన వాద్యం ఎప్పుడయింది? మీట నొక్కితే ఒక స్వరం, వదిలితే లేదు. తోడిలో గాంధారం ఒక్క చోట కదలకుండా నిలబడే స్వరం కాదు. రిషభం పక్క నుంచి మధ్యమం దాకా పోయి వస్తా ఊగాల. ఆ ఊపు తీసేస్తే తోడి అనేది మిగలదు. ఇదే కారణానికి ఆకాశవాణి 1940లో హార్మోనియాన్నే నిషేధించింది, గమకం (స్వరాన్ని ఊపి పలికించేది) పలకదని. 1971 దాకా దాన్ని పక్కవాద్యంగా కూడా రానీయలేదు. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అని ఇప్పుడు వాదించను, కానీ వాళ్ళకు చెవులున్నాయి, ఒక కారణం చెప్పి వద్దన్నారు. మీరు కారణం చెప్పినారా? గిటార్ అనే పేరు విన్నారు, కాలేజీ పిల్లోళ్ళు గోడ మీద కూర్చొని వాయించేది గుర్తొచ్చింది, అంతే.

స్టీల్ గిటార్ దగ్గరికొచ్చి ఒక్కరన్నా చూసినారా? తంత్రులు ఎత్తుగా ఉంటాయి, కింద మెట్లకు తగలనే తగలవు. ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తంత్రి మీద జరపాల, కుడి చేతి వేళ్ళకు పిక్కులు. మెట్టు అడ్డం లేదు కాబట్టి రిషభం నుంచి మధ్యమానికి గొంతు ఎట్ల పోతుందో అట్లనే పోవచ్చు. స్వరం నుంచి స్వరానికి జారే జారు, స్వరాన్ని ఊపే కంపితం అన్నీ పలుకుతాయి. కష్టం వేరే చోట ఉంది. జంట స్వరాలు వేగంగా రావాలంటే కడ్డీ వెనక వేళ్ళతో మోత ఆపతా పోవాల. కడ్డీ వెంట్రుకవాసి పక్కకు పోతే అపశ్రుతి, మెట్టు వచ్చి కాపాడదు. మా నాయన తెల్లారుజామున లేచి సరళీ స్వరాలు ఇప్పటికీ వాయిస్తాడు, డెబ్బై దాటినా. మేము చిన్నప్పుడు ఆ చప్పుడుకే లేచేవాళ్ళం.

పోనీ ఈ పద్ధతి మనకు కొత్తదా? గోటువాద్యం విన్నారా ఎవరన్నా? దానికీ మెట్లు లేవు, అదీ తంత్రి మీద కడ్డీ జరిపి వాయించేదే. గోటువాద్యం నారాయణ అయ్యంగార్ పేరు ఈ కమిటీలో ఒక్కరికి తెలిసినా నేను ఈ పోస్ట్ తీసేస్తా. హవాయిలో జోసెఫ్ కెకుకు 19వ శతాబ్దం చివర్లో గిటార్ మీద ఉక్కు జరిపినాడు. ఆ గిటార్ మన దేశానికొచ్చినాక జోధ్‌పూర్ బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాన్ని అలీ అక్బర్ ఖాన్ దగ్గరికి తీసకపోయి రాగం నేర్చుకున్నాడు. విశ్వమోహన్ భట్ దానికి ఇంకొన్ని తంత్రులు కట్టి మోహన వీణ అన్నాడు, 1994లో గ్రామీ వచ్చింది. అప్పుడు పేపర్లో ఫోటో చూసి ఇదే ఊర్లో ఎంతమంది మా నాయన దగ్గరికొచ్చి "మీ వాద్యానికి ప్రైజ్ వచ్చింది సార్" అన్నారో! అమెరికా వాళ్ళు మెడల్ ఇస్తే మన వాద్యం. కడప మనిషి కడపలో వాయిస్తే పరాయిది.

వయొలిన్ సంగతి అందరూ చెప్పేదే, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పడమటి వాళ్ళ దగ్గర నుంచి తెచ్చుకోకపోతే ఈ రోజు ఏ కచేరీకీ వయొలిన్ పక్కవాద్యం ఉండదు. నాకు గుర్తొచ్చేది 1978 గుడివాడ. అదీ త్యాగరాజ ఆరాధనే. పాలకొల్లు పిల్లోడు, తొమ్మిదేళ్ళ శ్రీనివాస్, తర్వాత మాండలిన్ శ్రీనివాస్ అయినాయన, ఆ పరాయి మాండలిన్ పట్టుకొని కూర్చున్నాడు. "నాయనా, సినిమా పాట వాయించు" అని ఆ కమిటీ అని ఉంటే? గుడివాడ వాళ్ళకు ఉన్న ఓపిక మనకు ఎందుకు లేదు?

ఇంగ సంప్రదాయం మాట. మీరు పిల్లలతో పాడించిన అన్నమయ్య కీర్తనలకు రాగిరేకుల మీద రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. బాణీలు కట్టింది 20వ శతాబ్దంలో. కట్టినవాళ్ళలో మొదట చెప్పుకోవాల్సింది మన సీమ మనిషినే, అనంతపురం జిల్లా రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ గారిని. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. సీమ అంటే బాంబులు, కత్తులు అని సినిమాల్లో చూపిస్తే మనకు కోపం వస్తుంది గదా, మరి మన సభల్లో ఆయన ఫోటో ఎన్ని చోట్ల పెట్టినాం? నిన్నటి వేదిక మీద లేదు. రాజకీయ నాయకుల ఫ్లెక్సీలు మాత్రం రెండు పక్కలా ఉన్నాయి.

కీబోర్డు మీద నా కోపం నిన్నటిది కాదు, ఒప్పుకుంటా. మా నాయన ఉద్యోగం చేసుకుంటానే పెండ్లిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. ఒక కీబోర్డు వచ్చింది. ఫ్లూటు అదే, వీణ అదే, గిటార్ అదే. వరసగా అందరినీ మాన్పించినారు. ఆయన బాధపడలేదు, "ఇప్పుడన్నా రాగానికి టైం దొరుకుతుంది" అన్నాడు. నా పెండ్లికి మాత్రం ఒక్కటే కోరిక అడిగినాడు, తలంబ్రాలకు ముందు పావు గంట మోహన రాగం వాయిస్తానని. మగపెండ్లివాళ్ళు ఒప్పుకోలేదు. పెండ్లికూతురు తండ్రి వాద్యం పట్టుకొని కూర్చుంటే మర్యాద కాదంట, జనం నవ్వుతారంట. డీజే పెట్టినారు. గిటార్ పెట్టె విడిదింట్లో మంచం కిందనే ఉండిపోయింది. మా అత్తగారింటి వాళ్ళు ఇది చదువుతారని తెలుసు. చదవనీ. అప్పుడు నేను పీటల మీద కూర్చొని నోరు తెరవలేకపోయినా, ఇప్పుడు తెరుస్తా.

కామెంట్లలో "వీణ నేర్చుకోవచ్చు కదా అక్కా" అని రాయొద్దండి. వీణ గొప్పది. మా నాయన వాద్యం కూడా గొప్పదే. "వదిలేయండి, పెద్దాయన కదా" అని కూడా రాయొద్దండి, వేదిక మీద అవమానపడిందీ పెద్దాయనే.

కమిటీ వాళ్ళు ఈ రోజు పొద్దున ఫోన్ చేసి, ఉగాదికి ఇంకో అవకాశం ఇస్తాం అన్నారు. ఇదే నా జవాబు. కరపత్రంలో "స్టీల్ గిటార్, కర్ణాటక సంగీతం" అని వేయాల, లైట్ మ్యూజిక్ అని కాదు. మృదంగం, వయొలిన్ పక్కవాద్యాలు ఉండాల. గంట టైం కావాల. ఆలాపన అయ్యేదాకా ఎవరూ వేదిక ఎక్కకూడదు. ఇవి కుదరకపోతే మా ఇంటికి ఫోన్ చేయొద్దండి.