మంచులో ఆడుకోవడానికి వెళ్ళానట!

నిన్న కనుమ. మా కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి వచ్చి పదిమందిమీ మా వీధి అరుగు మీద కూర్చున్నాం. వరసకు బాబాయి అయ్యే పెద్దమనిషి నా ఫోను తీసుకుని, కెనడాలోని విన్నిపెగ్‌లో మొదటిసారి మంచు చూసినప్పుడు నేను తీసిన వీడియో అందరికీ చూపించారు. "వీడికేమిరా, మంచులో ఆడుకుంటూ డాలర్లు సంపాదిస్తున్నాడు. ఎండలో మాడేది మనం" అన్నారు. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. రాత్రంతా నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

ఆ వీడియో ఇరవై సెకన్లు. తెల్లవారుజామున నాలుగున్నరకు గోదాము పనికి బయలుదేరుతూ తలుపు తీస్తే వీధి కనబడలేదు. మన దగ్గర వాన వస్తోందని ముందే కొబ్బరాకులు చెప్పేస్తాయి, పెంకుల మీద చినుకు పడగానే ఇంటిల్లిపాదికీ మెలకువ వస్తుంది. అక్కడ రాత్రంతా జానెడు ఎత్తున కురిసినా చిన్న చప్పుడు లేదు. బూరుగు దూదిలా ఉంది. అందంగా ఉంది, కాదనను. దోసిలి నిండా తీసుకుంటే కరిగి గుక్కెడు నీళ్ళు కూడా మిగల్లేదు. అమ్మ చూడాలని వీడియో తీశాను. మీరు చూసింది అంతవరకే.

ఆ తర్వాతది ఎవరు చూశారు? గుడ్డ బూట్లు తడిసి కాలివేళ్ళు మొద్దుబారాయి. పైన మెత్తటి మంచు, దాని కింద గాజుపలకలా గడ్డకట్టిన నీరు. బస్టాపు కనబడుతూ ఉండగానే జారి మణికట్టు మీద పడ్డాను. మూడు వారాలు ఒంటిచేత్తో పెట్టెలు మోశాను. పని మానేస్తే అద్దె ఎవరు కడతారు? జనవరిలో మైనస్ 30కి దిగితే ఊపిరి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు బిగుసుకుపోతాయి. మనకు ధనుర్మాసంలో చేల మీద పరుచుకునేదీ మంచే, ఆకాశం నుంచి రాలిపడేదీ మంచే, కాబట్టి చెవులకు తువ్వాలు చుట్టుకుని టీ తాగితే పోయే చలి అనుకుంటున్నారు.

నేనెందుకు వెళ్ళానో ఆ అరుగు మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నా కడుపుమంట అదే. మాది చేల నీరు దిగిపోయే డ్రెయిను పక్కన మూడెకరాల పల్లపు చేను. డ్రెయిను నిండా గుర్రపుడెక్క, అడుగున పూడిక. సార్వా (ఖరీఫ్) కోతల వేళ వాయుగుండం పడితే నీరు దిగే దారి లేదు. ఒక ఏడు కోసిన పనల మీదే మొలకలొచ్చాయి. నాన్న ఒక పన ఒళ్ళో పెట్టుకుని, ఆ పచ్చటి మొలకలను వేలితో నిమురుతూ చీకటి పడేదాకా గట్టు మీదే కూర్చున్నారు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయబోమని పంట విరామం ప్రకటిస్తే దేశమంతా మాట్లాడుకుంది. ఆ తర్వాత మా డ్రెయినులో ఒక్క తట్ట మట్టి లేవలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికే పూర్తయింది. చేలకు నీళ్ళు తేవడం అంత ముందుగా తెలిసిన గడ్డ మీద, ఎక్కువైన నీళ్ళను సముద్రానికి పంపడం ఇంకా చేతకాలేదా?

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, ఎవరికి కోపం వచ్చినా సరే. ఆ బాబాయి గారి రొయ్యల చెరువు గట్టు డ్రెయినులోకి నాలుగు గజాలు జరిగింది. మా చేను మునగడంలో ఆయన గట్టుకూ వాటా ఉంది. అలాంటి మనిషి మా అరుగు మీద కూర్చుని, మా నాన్న ముందే, నన్ను అదృష్టవంతుడన్నారు.

అందరూ వెళ్ళాక నాన్న అడిగారు: "అంత మంచు కరిగితే ఆ నీళ్ళు ఎటు పోతాయిరా?"

ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. 1950లో అక్కడి రెడ్ నది ఊరిని ముంచేస్తే, ఆ వరద నీరు ఊరి పక్కగా పోయేలా 47 కిలోమీటర్ల కాలువ తవ్వి 1968కి పూర్తిచేశారని చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

"ఏటా పూడిక తీస్తారా?" అన్నారు చివరికి.

తెల్లారగానే మా డ్రెయిను దగ్గరికి వెళ్తున్నాను. ఆ గట్టుతో సహా వీడియో తీసి ఇక్కడే పెడతాను. మంచు చూసి ముచ్చటపడ్డ వాళ్ళందరూ దాన్నీ చూడండి.