భజనలో దయ్యం

ఒళ్లు మండిపోతాంది కాబట్టి గబగబా చెప్పేస్తా. ఇదంతా ఏడురోడ్ల దగ్గరున్న కంప్యూటర్ అంగడాయన పుణ్యం.

నేను అడిగింది 2004లో వచ్చిన డూమ్ 3 ఆడుకోవడానికి ఒక డబ్బా. అంగారకుడి మీద చీకటి నడవాలు, మూలమూలా దయ్యాలు, మన చేతిలో తుపాకి. అప్పట్లో ఆ ఆటకు కావాల్సింది పెంటియం 4, 384 ఎంబీ ర్యామ్, 64 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు. కాలేజీ రోజుల్లో ఆ మూడూ కలిసున్న కంప్యూటర్ మా స్నేహితుల ఇళ్లల్లో యాడా లేదు. ఇప్పుడైతే ప్రాసెసర్‌తో పాటు వచ్చే గ్రాఫిక్సే దాన్ని అవలీలగా మోస్తాయి. ఈ ముక్క అంగడాయనకు నాకంటే బాగా తెలుసు. తెలిసి కూడా మూడు ఫ్యాన్ల కార్డు, దానికి తగ్గట్టు కరెంటు అందించే 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 16 జీబీ ర్యామ్, రంగురంగుల లైట్ల క్యాబినెట్ అంటగట్టినాడు. "కడప ఎండలకు ఎన్ని ఫ్యాన్లున్నా తక్కువే సార్" అన్నాడు. ఎండ పేరెత్తితే మా ఊర్లో ఎవరైనా పర్సు తీయాల్సిందే. పైన ఒక 7.1 హెడ్‌సెట్. "దయ్యం యాడుండాదో మీ చెవులే చెప్తాయి సార్, ఎడమా, కుడా, వెనకా, అన్నీ." బ్లూటూత్ ఫ్రీ అంట. ఆ ఫ్రీ అన్న ముక్క గుర్తుపెట్టుకోండి.

డబ్బా ఇంటికొచ్చింది, ఆట ఎక్కింది. ఇంటి ఓనరు కొడుకు చూడ్డానికొచ్చి, వాళ్ల కొత్త పెద్ద స్పీకర్‌ను నా కంప్యూటర్‌కు బ్లూటూత్‌తో కలిపి రెండు పాటలు విని పోయినాడు. పోయేవాడు ఆ జత విడగొట్టి పోవచ్చు కదా. పోలేదు.

శనివారం రాత్రి. మా ఆవిడ పుట్టింట్లో. లైట్లార్పి, చెవులు మూసుకుపోయే ఆ హెడ్‌సెట్ తగిలించుకొని కూర్చున్నా. ఆట మొదలైంది గానీ చెవుల్లో చప్పుడు లేదు. నిశ్శబ్దంతో భయపెడతాండారేమో, అంగారకుడు కదా, గాలి కూడా పల్చన అనుకున్నా. వాల్యూమ్ మొత్తం పైకి లాగినా. అప్పుడు వినిపించింది, యాడో దూరంగా, కాళ్ల కిందనుంచి, పాతాళంలో ఎవరో మూలుగుతున్నట్టు. ఎడమ కాదు, కుడి కాదు, అచ్చంగా కింద! అంగడాయన ఎడమా కుడీ వెనకా అన్నాడే గానీ కిందిది చెప్పనేలేదే, ఎంత వినయం మనిషికి అని మనసులోనే దండం పెట్టుకున్నా. దయ్యం గర్జిస్తే నేల అదురుతాంది. కుర్చీ కోడు అదురుతాంది. పెట్టిన ప్రతి రూపాయీ అరికాళ్లలో తెలుస్తాంది.

కింద ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఓనరు వాళ్లింట్లో శనివారం భజన. ఫోన్‌లో శ్రుతి పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, అన్నమయ్య కీర్తన ఎత్తుకోబోతుంటే స్పీకర్ ఫోన్‌ను వదిలేసి పైనున్న నా డబ్బాను పట్టుకుంది. శ్రుతి బదులు మూలుగు వచ్చింది. హార్మోనియం ఆయన పాపం "శ్రుతి రొంత కిందికి పోయినట్టుండాదే" అంటూ దానికే మెట్లు వెతికినాడంట. ముందు వరసలో ఒకాయన తాళం కూడా వేసినాడంట. గర్జన వచ్చినాకే జనం లేచినారు. ఎవరో స్పీకర్‌కు కర్పూర హారతి ఇచ్చినారు. స్విచ్ ఆపుదామని అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ పిల్లోడు అక్కడే ఉన్నాడు, ప్రసాదం తింటా.

డూమ్ 3లో ఒక దిక్కుమాలిన ఏర్పాటుంది. టార్చ్ పట్టుకుంటే తుపాకి ఉండదు, తుపాకి తీస్తే టార్చ్ ఉండదు. నేను టార్చ్‌తో ఒక తలుపు తీస్తాండా. అదే క్షణంలో వెనకనుంచి ఒక చల్లటి చెయ్యి నా భుజం మీద పడింది.

నేను అరిచిన అరుపు ఏ 7.1లోనూ పట్టదు. మౌస్ ఎగిరి గోడకు తగిలింది. తిరిగి చూస్తే తెల్లజుట్టు విరబోసుకొని, చేతిలో విభూతి పళ్లెంతో, క్యాబినెట్ లైట్ల వెలుగులో ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా, ఒకసారి నీలంగా మారుతున్న ఓనరు వాళ్ల జేజి.

"ఏం నాయనా, ఒంట్లో బాగలేదా? నీ మూలుగు కిందికొస్తాంది" అనింది, నా నోట్లో ఇంత విభూతి కుక్కి.

విషయం చెప్పినా. కుర్చీ లాక్కొని కూర్చుంది. తెర మీద దయ్యం నన్ను పీక్కుతింటాంది.

"కాల్చవేం రా?"

"చేతిలో టార్చ్ ఉంది జేజీ, తుపాకి పట్టుకోడానికి కుదరదు."

"తుపాకికే లైటును గుడ్డపేలికతో కట్టుకోరాదా, సన్నాసి!"

2004లో ఈ ఆట ఆడినోళ్లంతా మొత్తుకున్నదీ అదే. టేపుతో టార్చ్‌ను తుపాకికి అతికించినట్టు అభిమానులే ఆటను మార్చే ఒక మాడ్ చేసుకున్నారు. తయారుచేసినోళ్లు మాత్రం 2012లో మళ్లీ విడుదల చేసినప్పుడు గానీ టార్చ్‌ను కవచానికి తగిలించలేదు. జేజికి అర నిమిషం పట్టింది.

పొద్దున్నే అంగడాయనకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి, ఆ ఫ్రీ బ్లూటూత్ పీకెయ్యమన్నా. అంతా ఓపిగ్గా విన్నాడు.

"అదట్లుండనీ సార్, బేస్ ఎట్లొచ్చింది?" అన్నాడు.