బ్రిటిష్ మూగ కెమెరా గారికి ఒక ప్రేక్షకుడి ఉత్తరం

అయ్యా కెమెరా గారూ,

నాటకాన్ని తెర మీదికి ఎక్కిస్తామంటూ తొలి రోజుల్లో తమరు చేసిన నిర్వాకం గురించి నాలుగు ముక్కలు.

1899లో లండన్‌లో రంగస్థల నటుడు హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ దొరగారు షేక్‌స్పియర్ ‘కింగ్ జాన్’ నాటకం వేస్తుంటే, ఆయన్ని థేమ్స్ ఒడ్డున తమ ఆరుబయలు స్టూడియోకి రప్పించారు. ఇప్పటికి మిగిలిన ముక్క చూశాను. విషం తలకెక్కిన రాజు కుర్చీలో మెలికలు తిరుగుతాడు, చేతులు బిగిస్తాడు, నోరు తెరుస్తాడు. వెనక గుడ్డ మీద గీసిన తోట. పక్కనున్నవాళ్లు కంగారు పడుతుంటారు. అంతా నిమిషం పైచిలుకు. మాట ఒక్కటి వినపడితే ఒట్టు! షేక్‌స్పియర్ ఇంటికెళ్లి మాటలు తప్ప అన్నీ పట్టుకొచ్చిన ఘనత తమదే. పద్యాలు తీసేసి కృష్ణరాయబారం ఆడితే మా ఊళ్లో హార్మోనియం మిగిలేది కాదు. ట్రీ గారి నాటకం ప్రచారానికి మాత్రం తమరు కదిలే వాల్‌పోస్టర్‌గా బాగానే పనికొచ్చారు.

1911లో బెన్సన్ నాటక బృందం కోసం షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లారు. వాళ్లు స్టేజి మీద ‘మూడో రిచర్డ్’ ఆడితే, తమరు ఎదురుగా బాసింపట్టు వేసి కూర్చున్నారు. రిచర్డ్ రాజు చచ్చిపోయే బాస్వర్త్ యుద్ధం మొత్తం ఆ చెక్కల మీదే, ఆ కాస్త జాగాలోనే ముగిసింది. టికెట్టు కొన్నవాడైనా అప్పుడప్పుడు మెడ తిప్పుతాడు కదండీ!

1913లో సినిమా నిర్మాత హెప్‌వర్త్ పుణ్యమా అని తమకు గాలి మార్పు దొరికింది. లల్‌వర్త్ కోవ్‌లో సముద్రం పక్కన కోట సెట్టు వేశారు. కుర్ర రాకుమారుడు హామ్లెట్‌గా ఫోర్బ్స్ రాబర్ట్‌సన్, వయసు 60. (ఆ విషయంలో మా హీరోలను ఏమీ అనకూడదని అప్పుడే అర్థమైంది.) గొంతుకే పేరుపడ్డ మనిషి ఆయన. తమరి దగ్గర పెదవులు కదిపి ఊరుకున్నాడు.

అన్నిటికంటే నాకు నచ్చింది మాత్రం 1911 నాటి ‘ఎనిమిదో హెన్రీ’. నిర్మాత బార్కర్ ఆ ట్రీ గారికే వెయ్యి పౌండ్లిచ్చి తీయించాడు. కొన్ని వారాలు ఆడించి, ప్రింట్లు వెనక్కి తెప్పించి, పబ్లిగ్గా తగలబెట్టాడు. ఆట అయిపోయాక ఏమీ మిగలకపోవడం నాటకం పద్ధతి. అదొక్కటీ అచ్చుగుద్దినట్టు దించారు.

ఇట్లు,
వెనక బెంచీ ప్రేక్షకుడు